పైవాటా కుర్రాళ్లను అనేముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

సాయంత్రమయ్యేసరికి నీ కంప్యూటర్‌లో వైఫై తెగిపోతోందనీ, మీటింగ్ మధ్యలో బొమ్మ నిలిచిపోతోందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పైవాటా కుర్రాళ్లు పాస్‌వర్డ్ పట్టేసి నీ నెట్ వాడుకుంటున్నారని నువ్వు తేల్చేశావట. ఆదివారం ఇంటి ఓనరుతో చెబుతావట. ఈ ఉత్తరం రాయించింది ఆ చివరి మాటే. తెగిపోయే నెట్‌ను బాగుచేసుకోవచ్చు. రోజూ మెట్ల మీద ఎదురుపడే మనుషుల్ని దొంగలన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడం కష్టం.

వేల్స్‌లో అబెర్‌హోసన్ అని ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ పద్దెనిమిది నెలల పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరంతటా బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. ఓపెన్‌రీచ్ కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షలు చేశారు, కేబుళ్లు మార్చారు, అయినా అదే వరస. చివరికి స్పెక్ట్రమ్ ఎనలైజర్ చేతపట్టుకుని, తెల్లవారుజామున జోరువానలో ఊరి వీధుల వెంట అటూ ఇటూ నడిచారు. ఏడు కొట్టగానే యంత్రం పసిగట్టింది. ఒక ఇంట్లో ఎవరో వాడి అమ్మిన పాత టీవీ ఉంది. దాన్ని ఆన్ చేసినప్పుడల్లా పుట్టే విద్యుత్ రొద ఊరి లైన్లను చెడగొడుతోంది. ఆ సంగతి ఆ ఇంటివాళ్లకు తెలియనే తెలియదు. తెలిశాక ఎంతో నొచ్చుకుని, ఇక ఎప్పటికీ ఆ టీవీ ఆన్ చేయమని మాట ఇచ్చారు. 2020 సెప్టెంబరులో కంపెనీ ఈ వృత్తాంతం లోకానికి చెప్పింది కానీ ఆ ఇంటివారి పేరు మాత్రం చెప్పలేదు. పెదనాన్నకు ఆ ఇంజనీర్ల మీద గౌరవం కలిగింది ఇక్కడే.

వాళ్లకు ఆచూకీ ఇచ్చింది గడియారం. కాబట్టి నువ్వు కూడా ముందు ఒక కాగితం తీసుకుని, నెట్ ఎప్పుడు తెగిందో, అప్పుడు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో రాసుకో. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతోందా అన్నది తప్పకుండా చూడు.

మైక్రోవేవ్ అంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఆస్ట్రేలియాలోని పార్క్స్‌లో 64 మీటర్ల రేడియో దూరదర్శిని ఉంది. 1998 నుంచీ దానికి అప్పుడప్పుడూ కొన్ని వింత సంకేతాలు అందుతుండేవి. అవి అచ్చం సుదూర గెలాక్సీల నుంచి వచ్చే మెరుపుల్లా ఉండేవి, కాకపోతే ఎక్కువగా పనివేళల్లోనే వచ్చేవి. 2015లో ఎమిలీ పెట్రాఫ్ బృందం కారణం పట్టుకుంది. అక్కడి సిబ్బంది వాడే మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే ఎవరో తలుపు లాగేస్తున్నారు, ఆ క్షణంలో బయటపడ్డ తరంగాలను దూరదర్శిని అందుకుంటోంది. ఇందులో నీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకొకటుంది. 2007లో ప్రకటించిన ఒక నిజమైన అంతరిక్ష సంకేతాన్ని కూడా, ఈ వింత సంకేతాల పోలికల వల్ల, చాలామంది అనుమానించారు. అసలు కారణం దొరికాకే ఆ రెండూ వేరని స్పష్టంగా తేలింది. అనుమానం మధ్యలో ఆగిపోయుంటే నిజం కూడా నిందలోనే ఉండిపోయేది. అన్నట్టు, నేటి వైఫైకి ఆధారమైన పద్ధతుల్లో ఒకటి రూపొందించింది ఆ దూరదర్శినిని నడిపే సీఎస్ఐఆర్ఓ సంస్థ శాస్త్రవేత్తలే.

ఇక మీ అపార్ట్‌మెంట్ సంగతి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దారిని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని అమెరికా 1985లో అంది, మన దేశం 2005 జనవరిలో అంది. ఓవెన్లు, బ్లూటూత్, పక్కిళ్ల రూటర్లు అన్నీ అందులోనే. మన దగ్గర చానళ్లు పదమూడున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. పైగా వైఫై పరికరం ఏదైనా మాట్లాడేముందు వింటుంది. అదే చానల్లో ఇంకొకటి మాట్లాడుతుంటే తన వంతు కోసం ఆగుతుంది. పైవాటా రూటరూ నీ రూటరూ ఒకే చానల్లో ఉండి, సాయంత్రం అందరూ ఇళ్లకు చేరి సినిమాలు పెట్టుకున్నారంటే, ఎవరూ ఎవరి పాస్‌వర్డూ ముట్టకుండానే ఇద్దరికీ నెట్ నత్తనడక నడుస్తుంది. ఆ కుర్రాళ్లు కూడా ఇప్పుడు మీ వాటా వైపు చూసి విసుక్కుంటున్నారేమో!

తప్పు ఎక్కడుందో పట్టడానికి ఒక పద్ధతి ఉంది. పెదనాన్న టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసిన రోజుల్లో 198కి కంప్లయింట్ వస్తే లైన్‌మన్ నేరుగా స్తంభం ఎక్కేవాడు కాదు. ముందు ఎక్స్చేంజిలోనే లైను పరీక్షించి, తప్పు లోపల ఉందా బయట ఉందా తేల్చేవాళ్లు. తర్వాత వీధిలోని పిల్లర్ పెట్టె దగ్గర, ఆ తర్వాత ఇళ్లకు తీగలు చీలే డీపీ పెట్టె దగ్గర. సగం సగం కొట్టేసుకుంటూ పోతే చివరికి ఒక తీగ ముక్క మిగిలేది.

నీ దగ్గర అంతకంటే సులువైన సాధనం ఉంది. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ఇంజనీరు, తమ నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే, అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే పింగ్ అనే చిన్న ప్రోగ్రాం రాశాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాం. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరువు. ఒకదాంట్లో మీ రూటర్ అడ్రసును పింగ్ చెయ్యి. అది సాధారణంగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. రెండోదాంట్లో బయట ఇంటర్నెట్‌లో ఉన్న 8.8.8.8 అనే సర్వరును పింగ్ చెయ్యి. రెండు ఆదేశాల చివరా -t చేర్చు, లేకపోతే నాలుగుసార్లు పలికి ఆగిపోతాయి. రెండూ అలా నడవనీ. నెట్ తెగినప్పుడు రూటర్ నుంచే జవాబు రాకపోతే, తప్పు నీ కంప్యూటరుకూ రూటరుకూ మధ్య ఉన్న గాలిలో ఉంది, లేదా ఆ రెంటిలో ఒకదానిలో ఉంది. రూటర్ చక్కగా పలుకుతూ బయటిది మాత్రం తెగుతుంటే తప్పు చాలావరకు రూటర్ దాటాకే. అప్పుడు ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడు. అనుమానం మిగిలితే లాన్ కేబుల్ పెట్టి కాసేపు పని చేసి చూడు.

తప్పు గాలిలోనే అని తేలితే, ఒక్కొక్కటే మార్చు. అన్నీ ఒకేసారి మార్చావంటే నెట్ బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు. రూటర్ ఇనప బీరువా పక్కనో టీవీ వెనకో ఉంటే బయటికి తెచ్చి ఎత్తున పెట్టు. దాని చానల్ మార్చు. కంప్యూటర్ రూటరుకు దగ్గరగా ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు కలుపు. గోడలు దాటడం దానికి కష్టమే కానీ రద్దీ తక్కువ. కంప్యూటర్‌కు బయటి హార్డ్‌డిస్క్ తగిలించావా? యూఎస్‌బీ 3.0 పరికరాల రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. దాన్ని పీకి చూడు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పవర్ ఆదా కోసం వైఫై కార్డును ఆపేసే అనుమతి తీసెయ్యి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘నెట్‌ఎస్‌హెచ్ వ్లాన్ షో వ్లాన్‌రిపోర్ట్’ అన్న ఆదేశం ఇంగ్లీషులో కొడితే, గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడెప్పుడు ఎందుకు తెగిందో విండోసే చెబుతుంది. నీ కాగితం పక్కన పెట్టుకుని చూడు.

పాస్‌వర్డ్ అనుమానం తీరాలన్నా దారి ఉంది. రూటర్ పేజీలో దానికి కలిసిన పరికరాల జాబితా ఉంటుంది. తెలియని పేరు కనబడగానే ఉలిక్కిపడకు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచీ ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్య దాచి ఒక్కో వైఫైకి ఒక్కో కొత్త సంఖ్య చూపిస్తాయి. నువ్వు అపరిచితుడు అనుకున్నది నీ చేతిలోని ఫోనే కావచ్చు. ఒక్కొక్క పరికరం ఆపుతూ జాబితా చూసుకో. అయినా ఒకటి మిగిలిందా, పాస్‌వర్డ్ మార్చెయ్యి. చాలు, ఎవరినీ నిలదీయక్కర్లేదు.

తప్పు కంపెనీ వైపుదని తేలితే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, నీ కాగితంలోని వేళలు, పింగ్ ఫలితాలు చదివి వినిపించు. ఫోనెత్తిన పిల్లవాడు ఆ కేబుల్ వేసినవాడు కాదు. రోజంతా తిట్లు తినే ఉద్యోగం అది. నువ్వు నిదానంగా వివరాలు చెబితే, అతను రాసుకునే కంప్లయింట్‌లో లైన్ చూడ్డానికి వచ్చేవాడికి పనికొచ్చే ముక్క ఒకటైనా ఉంటుంది.

ఆదివారం ఓనరు దగ్గరికి వెళ్లకు. పైకి వెళ్లు. సాయంత్రం మీకూ నెట్ తెగుతోందా అని అడుగు. తెగుతోందంటే, వాళ్ల రూటర్‌ను చానల్ 1లో పెట్టుకోమని చెప్పి, నీది 11లో పెట్టుకో. ఆ రాత్రి పింగ్ ఏం చెప్పిందో ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న