పేర్లు చెప్పని పుస్తకం

బ్రిటన్ బృందం డెత్ ఇన్ జూన్ 1987లో ‘బ్రౌన్ బుక్’ ఆల్బమ్ విడుదల చేసింది. నియోఫోక్ అని పేరుపడ్డ సంగీతంలో దీన్ని తరచూ ముందు వరసలో చెబుతారు. గిటార్ మీద నింపాదిగా సాగే ఆ పాటల్లోని దిగులు నిజమైనదే, మనసుకు పట్టేదే. చిక్కంతా టైటిల్ పాటతో. అందులో హోర్స్ట్ వెసెల్ గీతం వినిపిస్తుంది. 1930లో హతుడైన ఒక నాజీ దళ సభ్యుడు రాసిన ఆ గీతాన్ని హిట్లర్ పాలన జాతీయ గీతం సరసన నిలబెట్టింది. నేటి జర్మనీలో దాన్ని బహిరంగంగా పాడితే శిక్ష పడుతుంది. దాన్ని ఎందుకు వినిపించారో ఆల్బమ్ చెప్పదు. అర్థం శ్రోతదే అనడం ఇలాంటి కళకు అలవాటైన జవాబు. నా అభ్యంతరం ఆ జవాబు మీదే. చరిత్ర తెలియని కుర్రవాడికి ఆ గీతం ఒళ్లు జలదరించే అలంకారం. అది పాడుకుంటూ వచ్చినవాళ్ల చేతుల్లో తనవాళ్లను పోగొట్టుకున్న మనిషికి అందులో వెతుక్కోవాల్సిన అర్థమేమీ లేదు. దాన్ని ఇప్పటికీ ప్రేమించేవాడికి మాత్రం అది ఆహ్వానం. ఈ అస్పష్టత అక్కరకొచ్చేది అతనికే.

బృందం గతాన్ని చూడమంటారు సమర్థకులు. బృంద సారథి డగ్లస్ పియర్స్ అంతకుముందు క్రైసిస్ అనే వామపక్ష పంక్ బృందంలో ఉన్నాడు. ఆ బృందం నాజీ వ్యతిరేక సభల్లో వాయించింది. ఆల్బమ్ పేరు కూడా 1965లో తూర్పు జర్మనీ ప్రచురించిన పుస్తకానిది. పశ్చిమ జర్మనీలో పదవులు వెలగబెడుతున్న దాదాపు 1,800 మంది మాజీ నాజీల జాబితా అది. కనుక ఈ ఆల్బమ్ కూడా అభియోగమే అంటారు. గట్టి వాదనే. అయితే ఆ పుస్తకం, దాని వెనుక ప్రచార ప్రయోజనం ఉన్నా, ఫలానా మనిషి ఫలానా పని చేశాడని అచ్చువేసింది. తప్పయితే ఖండించే వీలు ఎదుటివాడికి మిగిల్చింది. ఆల్బమ్ ఆ పేరు తీసుకుని, ఆ పద్ధతిని వదిలేసింది. పైగా గతం దేనికీ పూచీ కాదు. అదే క్రైసిస్ నుంచి వచ్చి, 1984 దాకా డెత్ ఇన్ జూన్‌లో ఉన్న టోనీ వేక్‌ఫర్డ్ బ్రిటన్ తీవ్ర మితవాద పార్టీ నేషనల్ ఫ్రంట్‌లో చేరాడు మరి.

కళాకారుడు ప్రతిదానికీ సంజాయిషీ చెప్పుకోవాలా, చెప్పేస్తే కళ చచ్చిపోదా అన్నది మిగిలిన ప్రశ్న. తన దిగులుకు ఎవరూ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నిషేధించమని కూడా నేననను. కానీ హంతకుల కవాతు పాటను ఎత్తి తెచ్చుకున్నప్పుడు, తాను ఏ పక్కన నిలబడి దాన్ని వినిపిస్తున్నాడో చెప్పడం కనీస బాధ్యత. వేక్‌ఫర్డ్ 2007లో తన పాత రాజకీయాలను బహిరంగంగా తిరస్కరించాడు. ఆ తర్వాతా పాటలు కడుతూనే వచ్చాడు.