పొరపాటున పడిన సొమ్ము

మన ఖాతాలో మనది కాని డబ్బు వచ్చి పడితే ఏం చెయ్యాలి? ప్రశ్న చిన్నది. జవాబు కూడా చిన్నదే: తిరిగి యిచ్చెయ్యాలి. బడిపిల్లవాడైనా చెప్పగలిగిన యీ జవాబు కోసం వ్యాసం ఎందుకని పాఠకులు అడగవచ్చు. అయితే "మనది కాని" అన్న మాట దగ్గరే నాకు చిక్కు వచ్చింది.

దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో 2025 ఆగస్టు 2న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు "అన్నదాత సుఖీభవ" పథకాన్ని ప్రారంభించారు. రాష్ట్రం తరపున 5 వేలు, కేంద్రం తరపున 2 వేలు, వెరసి 7 వేల రూపాయలు రైతుల ఖాతాల్లో పడ్డాయి. ఆ తర్వాత కొద్దిరోజులకు దర్శిలో ఒక బ్యాంకు వరండాలో ఒక పెద్దాయన తన పాసుపుస్తకం నా చేతికిచ్చి చదవమన్నాడు. 5 వేలు వుంది, 2 వేలు వుంది. ఆ రెండూ ఆయన ఎరిగినవే. వాటి కింద 4,300 రూపాయలు జమ అయినట్టు మరో వరస వుంది. పక్కన ఇంగ్లీషు పొడి అక్షరాలూ, అంకెలూ. "ఇది ఎవరిది మేష్టారూ? నాదేనా?" అన్నాడు. ఎం.ఏ. చదివిన నాకూ బోధపడలేదు. కౌంటరు దగ్గర అడిగితే, "పడింది గదా, తీసుకోవయ్యా" అన్నారు. పెద్దాయన తీసుకోలేదు. "వాడుకున్నాక రేపొచ్చి అడిగితే ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అంటూ పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన భయం వట్టిది కాదు. హైదరాబాదులో 2022 ఏప్రిల్‌లో జరిగిన సంగతి చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన దళితబంధు పథకం కింద ఒక్కొక్క దళిత కుటుంబానికి 10 లక్షల రూపాయలు చేరవలసి వుంది. స్టేట్ బ్యాంకు రంగారెడ్డి కలెక్టరేటు శాఖలో ఖాతా నంబర్లు ఎక్కించటంలో ఒక గుమాస్తా పొరపడ్డాడు. ఆ డబ్బు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే 15 మంది వుద్యోగుల ఖాతాల్లోకి పోయింది. తలా 10 లక్షలు, మొత్తం కోటిన్నర. బ్యాంకు అడిగిన మీదట 14 మంది తిరిగి యిచ్చారు. పదిహేనో మనిషి ఒక లాబ్ టెక్నీషియన్. కేంద్ర ప్రభుత్వం ఏదో పథకం కింద తనకు పంపిన డబ్బే అనుకున్నానన్నాడు. అందులో కొంత తీసి అప్పులు తీర్చుకున్నాడు. పోలీసు కేసయింది. 6 లక్షల 70 వేలు కట్టాడు. 3 లక్షల 30 వేలు నిలిచిపోయాయి. అంతకు ముందు సంవత్సరం బీహారులో ఖగడియా జిల్లాలో ఇలాగే గ్రామీణ బ్యాంకు పొరపాటున పంపిన ఐదున్నర లక్షలను ఒకతను ఖర్చు పెట్టుకుని, ప్రధానమంత్రి ఇస్తానన్న 15 లక్షల్లో ఇది మొదటి వాయిదా అనుకున్నానని చెప్పి జైలుకు పోయాడు.

ఈ మాటలు పత్రికల్లో చదివి నవ్వుకున్నవాళ్ళున్నారు. నేను నవ్వలేకపోయాను. వాళ్ళు అబద్ధమాడి వుండవచ్చు, నిజమే చెప్పి వుండవచ్చు. కాని ఆ మాట నమ్మదగ్గ మాటగా ఎలా తయారయిందన్నది ఆలోచించవలసిన విషయం. గుంటూరు యార్డుకు మిర్చి తోలుకుపోయిన రైతుకు ఎన్ని బస్తాలు, క్వింటా ఏ ధర, కమీషన్ ఎంత, హమాలీ ఎంత అన్నది వేళ్ళమీద వుంటుంది. అక్కడ తన సొమ్మేదో పరుల సొమ్మేదో అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు. ధర పడిపోయి పెట్టుబడి కూడా రాక యింటికి వచ్చినవాడికి, ఎక్కడో సభలో ఎవరో మీట నొక్కగా తన ఖాతాలో డబ్బు పడిందని కబురు వస్తుంది. ఎందుకు అంతే పడింది, పక్కవాడికి ఎందుకు పడలేదు, మళ్ళీ ఎప్పుడు పడుతుంది, అతనికి తెలియదు. హక్కుగా లెక్కకట్టి రావలసింది దయగా రాలుతున్నప్పుడు, పొరపాటుకూ దయకూ తేడా కనిపెట్టటం ఎలా? రెండూ పైనుంచే పడుతున్నాయి.

నా మిత్రులు కొందరు దీన్ని యింకో చివరికి తీసుకుపోతారు. 2018 నుంచి ఐదేళ్ళలో ప్రభుత్వ రంగ బ్యాంకులూ, పెద్ద ప్రైవేటు బ్యాంకులు ఐదూ కలిసి, కనీస నిల్వ లేదన్న నెపంతో ఖాతాదారుల నుంచి సుమారు 21 వేల కోట్లు జరిమానాగా వసూలు చేశాయని 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. లేనివాడు లేనందుకు కట్టిన డబ్బు అది! అలాంటి బ్యాంకు సొమ్ము ఒకనాడు దారితప్పి బీదవాడి యింటికి వస్తే పట్టుకుపోయి యివ్వటమేమిటని వాళ్ళ వాదన. ఆవేశం నాకు అర్థమవుతుంది. తర్కం మాత్రం అంగీకరించలేను. హైదరాబాదులో దారితప్పింది బ్యాంకు లాభం కాదు, పదిహేను దళిత కుటుంబాల భవిష్యత్తు. అటువైపు ఎదురుచూస్తున్న మనిషి మనకు కనపడడు, కనపడేది బ్యాంకు బోర్డు ఒక్కటే. దోపిడీ మీద పోరాటానికీ, లాటరీ తగలటానికీ వున్న దూరం మన మిత్రులు మరవకూడదు.

ఈ సందర్భంలో భాగవతం దశమస్కంధంలోని నృగమహారాజు కథ నాకు పదేపదే గుర్తుకు వస్తుంది. ఆయన గొప్ప గోదాత. ఒక బ్రాహ్మణుడికి దానం చేసిన ఆవు దారి తప్పి తిరిగి రాజుగారి మందలో కలిసింది. ఆ సంగతి ఎరగక రాజు దాన్నే మరొకరికి దానం చేశాడు. మొదటివాడు తన ఆవును గుర్తుపట్టి పట్టుకున్నాడు; నాదంటే నాదని యిద్దరూ రాజు దగ్గరికి వచ్చారు. ఆ ఒక్క ఆవుకు బదులు లక్ష ఆవులిస్తానని రాజు యిద్దరినీ బతిమాలినా ఒకరూ ఒప్పుకోలేదు. చివరికి రాజు ఊసరవెల్లియై పాడునూతిలో పడివున్నాడు, కృష్ణుడు వచ్చి తీసేదాకా. బ్రాహ్మణ ద్రవ్యం మీద చెయ్యి పడకుండా జనాన్ని బెదిరించటానికి చెప్పిన కథ యిది, ఆ సంగతి దాచను. అయినా ఒకటి గమనించండి. ఎవరో తెలియక యిచ్చిన ఆవును తెలియక పుచ్చుకున్న రెండో బ్రాహ్మణుణ్ణి కథకుడు దొంగ అనలేదు. శిక్ష లెక్క తప్పిన దాతకు పడింది. మన కాలంలో శిక్ష తిరగబడింది.

అందరి విషయంలోనూ తిరగబడిందా అంటే అదీ లేదు. 2020 ఆగస్టులో అమెరికాలో సిటీబ్యాంకు, రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ తరపున అప్పిచ్చినవాళ్ళకు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపబోయి, మొత్తం అసలుతో సహా సుమారు 90 కోట్ల డాలర్లు పంపేసింది. అసలు గడువు 2023 దాకా వుంది. కొందరు తిరిగి యిచ్చారు. మిగిలిన మదుపు సంస్థలు 50 కోట్ల డాలర్ల దాకా పట్టుకుని కూర్చున్నాయి. వాళ్ళ యింటికి పోలీసు పోలేదు. పేరుమోసిన వకీళ్ళు వచ్చి, రావలసిన బాకీయే ముందుగా వచ్చిందని వాదించారు. 2021 ఫిబ్రవరిలో కింది కోర్టు న్యాయమూర్తి ఆ సంస్థలు డబ్బు వుంచుకోవచ్చునని తీర్పు చెప్పాడు. 2022 సెప్టెంబరులో పై కోర్టు కొట్టివేసిన తర్వాత గాని ఆ డబ్బు కదలలేదు. వాళ్ళను దొంగలని ఏ పత్రికా రాసినట్టు లేదు. "మాకు రావలసిందే వచ్చిందనుకున్నాం" అన్నదే గదా వాళ్ళ వాదన! ఆ మాటే లాబ్ టెక్నీషియన్ అంటే హాస్యం, కోటు తొడుక్కున్నవాడు అంటే న్యాయశాస్త్ర సూత్రం.

మన చట్టం చెప్పేది నిజానికి రెండు వేరు వేరు సంగతులు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం పొరపాటున ముట్టిన డబ్బు తిరిగి చెల్లించాలి, ఇది బాకీ. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ పరుల సొమ్మును దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నవాడికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళదాకా ఖైదు విధిస్తుంది; ఇది నేరం. రెండింటి మధ్యా నిలిచేది మనసులోని వుద్దేశం. బ్యాంకు చెప్పిన తర్వాత కూడా దాచుకున్నవాడూ, చెప్పకముందే నమ్మి ఖర్చుపెట్టుకున్నవాడూ ఒకటి కాదు. రెండోవాడు కూడా చెల్లించవలసిందే, అందులో సందేహం లేదు. వాయిదాల మీద చెల్లించనివ్వాలి, పోలీసు స్టేషను అరుగు మీద కాదు.

తెలిసిన మరుక్షణం తాకకుండా వుంచటం, బ్యాంకుకు కాగితం మీద రాసి రసీదు తీసుకోవటం మన ధర్మం. మరి అవతలి ధర్మం? ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే ఐదు రోజుల్లో తిరిగి జమ చెయ్యాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు యివ్వాలి అని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. మంచిదే. తన పొరపాటును గంటలో వెనక్కు లాక్కోగల యంత్రం మన కోతను సరిదిద్దుకోవటానికి ఐదు రోజులు ఎందుకు అడుగుతుందో నాకు తెలియదు. దానికన్నా ముందు కావలసింది యింకొకటి వుంది: పడిన ప్రతి రూపాయి పక్కనా అది ఏమిటో, ఎవరు పంపారో తెలుగులో రాసి వుండాలి. అది లేకుండా రైతును నిజాయితీగా వుండమనటం, దీపం ఆర్పేసి గింజలు ఏరమనటం.

వినాయకచవితి ముందు సంతలో ఆ పెద్దాయన మళ్ళీ కనిపించాడు. 4,300 అలాగే వుందట. ఇంకా ఎవరూ రాలేదట. "మిరపనారు ధర పెరుగుతోంది మేష్టారూ," అన్నాడు, "ఇంకా ఎన్నాళ్ళు చూడమంటారు?"