మొక్కకు మొక్కితే చాలదు

పొడపత్రి ఆకులు రెండు నమిలి ఉమ్మేసి, నాలుక మీద చిటికెడు పంచదార వేసుకుంటే ఇసుకలా గరగరలాడుతుంది తప్ప తీపి తెలియదు. ఉప్పు, పులుపు తెలుస్తాయి. తీపి ఒక్కటే మాయం. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు కాసేపు అడ్డుపడతాయి. గంట తిరిగేసరికి అంతా మామూలే. ఈ తీగను చక్కెర జబ్బుకు మందుగా వాడటం మన దేశంలో తరాలుగా ఉన్నదే.

మరి నాలుక మరిచిపోయినంత మాత్రాన మనసు మరిచిపోతుందా? ఆకు ప్రభావం తీరాక మిఠాయి ముందు నిలబడేది మళ్లీ మనిషే. ఈ సంగతి ఆయుర్వేద గ్రంథకర్తలకు బాగా తెలుసు. అందుకే చరకుడు చికిత్సను మూడు దారులుగా విడదీశాడు. మంత్రం, హోమం, మొక్కుబడులు దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం యుక్తివ్యపాశ్రయం. మనసును చెడు చేసే వాటి నుంచి మళ్లించడం సత్త్వావజయం. దేవుడికి దండం పెట్టుకోవద్దని ఆయన అనలేదు. దండం పెట్టుకున్నాం కాబట్టి మోతాదు చూడక్కర్లేదనీ అనలేదు.

సుశ్రుతుడు ఇంకా ముందుకు వెళ్లాడు. ప్రమేహం, అంటే మధుమేహం కూడా చేరే మూత్రరోగాల గుంపు, పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది ఒకటి అన్నాడు. మొదటి రకం రోగి బక్కచిక్కి, దాహంతో అలమటిస్తాడు. అతనికి పోషణ ఇవ్వాలి. రెండో రకం వాడు స్థూలకాయుడు, తిండిపోతు; అతనికి కొవ్వు కరిగించే చికిత్స చేయాలి. నేటి టైప్ 1, టైప్ 2 తేడాలు చదివినవారికి ఇది ఆశ్చర్యం కలిగించక మానదు. జబ్బు ముదిరిన పేదవాడికి ఆయన చెప్పిన వైద్యం చూడండి: చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికొక్క రాత్రే ఉంటూ, మునిలా నూరు యోజనాలు నడవాలి. యోజనానికి ఎనిమిది మైళ్ల లెక్కన అది వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది! ఆ వైద్యంలో తపస్సుకూ చికిత్సకూ మధ్య గోడ లేదు.

ఇవాళ ఆ నడక వదిలేసి పొడిడబ్బా ఒక్కటే పట్టుకున్నాం. పైగా ఆ పొడి పనిచేస్తుందో లేదో పరీక్షించమని అడిగితే సంప్రదాయాన్ని అవమానించినట్టు కోపం. సరిగ్గా వాడితే విషమూ మందే, తప్పుగా వాడితే మందూ విషమే అన్నది చరకుడే కదా. మందును కొలిచి, రోగిని చూసి వాడాలన్నది ఆ సంప్రదాయంలోనే ఉంది.

వేగిస చెక్క సంగతే తీసుకుందాం. ఆ చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున్నే తాగేవారు మన ఊళ్లలో ఎందరో. భారత వైద్య పరిశోధన మండలి దాన్ని కొట్టిపారేయకుండా పరీక్షకు పెట్టింది. 1998లో వెలువడిన ఆ ఫలితాల్లో, కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడిన 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చింది. అయితే వాళ్లకిచ్చింది గ్లాసు నీళ్లు కాదు, కొలిచిన మోతాదు. పోల్చి చూసుకోవడానికి వేరే మందు తీసుకున్న బృందమూ ఆ పరీక్షలో లేదు. ఆశ కలిగించే ఫలితమే, కానీ అక్కడితో తేలిపోయిన విషయం కాదు.

ఐరోపాలో గెలీగా అనే మొక్కదీ ఇలాంటి కథే. అందులోని గెలిజిన్ చక్కెర తగ్గించేది, కానీ దానికి విషగుణం ఉంది. ఆ రసాయనం చూపిన దారిలోనే మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మందు తయారైంది. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దాన్ని రోగులకు ఇచ్చిన ఫలితాలు ప్రకటించాడు. ఇప్పుడు మన పల్లె మందుల దుకాణంలో దొరికే ఆ తెల్ల మాత్రకు మూలం ఓ పశుగ్రాసపు మొక్క. మొక్కకు దక్కిన గౌరవం అంటే అది.

నమ్మకానికి ఒక హద్దుంది. టైప్ 1 రోగి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. ఆ లోటు తీర్చే ఆకు ఏదీ లేదు. మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది.

కాకర రసమో, మెంతుల పొడో, పొడపత్రో వాడుతుంటే ఆ మాట డాక్టరుకు దాచకండి. మాత్రలతో కలిసి చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో పిల్లలకు ఇన్సులిన్ రాసి ఉంటే, ఎవరు ఏ చెట్టు పేరు చెప్పినా సరే, ఒక్క పూట కూడా దాన్ని ఆపకండి.