ఎదిగే వయసులో బెదురు

సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే అనంతపురం మెట్టసీమలో, కర్ణాటక సరిహద్దు దగ్గరి కుందుర్పి ప్రాంతంలో, వేరుశెనగ చేతికి రాని ఏడాది ఎన్నో కుటుంబాలను నిలబెట్టేవి జీవాలే కనుక, గొర్రెపిల్ల పెరిగే తీరు అక్కడ కేవలం శాస్త్ర విషయం కాదు. పాలు మరిచి, ఇంకా ఎదకు రాని ఆ కొద్ది నెలల వయసును జంతువుల కౌమారం అనవచ్చు. తల్లికి దూరం కావడం, మేత కోసం మందతో పాటు ఊళ్లు దాటడం, కుక్కలు తరమడం, సంతకు పోయే బండిలో కిక్కిరిసి నిలబడటం వంటివి పిల్లకు చాలావరకు ఈ వయసులోనే తొలిసారి ఎదురవుతాయి.

ప్రమాదం పసిగట్టిన ప్రాణి శరీరం దాన్ని ఎదుర్కోవడానికో తప్పించుకోవడానికో సిద్ధపడే స్థితినే ఒత్తిడి అంటారు. అప్పుడు మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు గొర్రెలోనూ మనిషిలోనూ ముఖ్యంగా కార్టిసాల్‌ను, ఎలుకలో కార్టికోస్టిరాన్‌ను రక్తంలోకి వదులుతాయి. అమెరికాలో రస్సెల్ రోమియో తదితరులు గమనించినదేమంటే, ఒకే రకమైన ఒత్తిడి తర్వాత ఎదిగిన ఎలుకలో ఈ హార్మోను దాదాపు గంటలో మామూలు స్థాయికి దిగివస్తుండగా, యుక్తవయసు రాని ఎలుకలో అది ఇంకా చాలాసేపు పైస్థాయిలోనే ఉంటుంది. ఆపద తప్పిపోయినా శరీరం ఆ సంగతిని ఆలస్యంగా గ్రహిస్తుందన్నమాట.

అటువంటి ఒత్తిడి మెదడులో ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఒక ముఖ్యమైన సమాధానం కుందుర్పికి దక్షిణాన ఉన్న బెంగళూరు నుంచే వచ్చింది. జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో సుమంత్ర చటర్జీ, నిమ్హాన్స్‌లో బి.ఎస్. శంకరనారాయణరావు, వారి సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఎదిగిన మగ ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా నిర్బంధించినప్పుడు, జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుదించుకుపోగా, భయానికి కేంద్రమైన అమిగ్డాలాలో అవే కొమ్మలు విస్తరించినట్లు తేలింది. రెండేళ్ల తర్వాత వచ్చిన ఫలితం ఇంకా కలవరపెట్టేది: 21 రోజులు ప్రశాంతంగా ఉంచినా అమిగ్డాలాలోని ఆ పెరుగుదల గానీ, ఎలుకల బెదురు గానీ తగ్గలేదు. విశ్రాంతి ఒక్కటే మందు కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

విశ్రాంతికి భిన్నమైన మరో మార్గం ఉత్తేజకర పరిసరాలు. విశాలమైన బోను, అందులో తోటి ఎలుకలు, ఎక్కడానికి నిచ్చెనలు, దూరడానికి గొట్టాలు, తరచూ మార్చే కొత్త వస్తువులు, ఇంతే దాని అర్థం. ప్రయోగశాలలో వైభోగంలా కనిపించే ఈ ఏర్పాటు పొలం గట్టున తిరిగే ఎలుకకు రోజువారీ బతుకు అన్న సంగతిని పరిశోధకులు కూడా అప్పుడప్పుడు మరచిపోతుంటారు. కెనడాలో డార్లీన్ ఫ్రాన్సిస్, మైకేల్ మీనీ తదితరులు పుట్టిన తొలి రెండు వారాల్లో రోజూ మూడు గంటల పాటు తల్లికి దూరం చేసిన ఎలుక పిల్లలను, పాలు మాన్పించాక, 22వ రోజు నుంచి 70వ రోజు వరకు, అంటే కౌమారమంతా, అటువంటి పరిసరాల్లో పెంచి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఒత్తిడి హార్మోను స్పందనా, బెదురూ సాధారణ ఎలుకల స్థాయికి వచ్చాయి గానీ, ఒత్తిడి స్పందనకు నాంది పలికే సి.ఆర్.ఎఫ్. అనే రసాయనానికి సంబంధించిన జన్యు చర్య మాత్రం మెదడులో ఎక్కువగానే మిగిలింది. గాయం మాయలేదు, మెదడు దాన్ని పక్కకు తప్పించి నడిచే వేరే దారి వేసుకుంది.

ఇటలీలో జొవాన్నీ లావియోలా బృందం 2004లో ఇంకొంచెం వెనక్కి వెళ్లి, గర్భంతో ఉన్నప్పుడే ఒత్తిడికి గురైన తల్లి ఎలుకల పిల్లలను పరిశీలించి, కౌమారంలోని ఉత్తేజకర పరిసరాలు వాటిలో తోటివాటితో ఆటను పెంచాయనీ, బెదురును తగ్గించాయనీ చూపింది. కరువు ఏడాది చూలు గొర్రె నడిచే దూరాన్ని తలచుకుంటే ఈ ఫలితం కుందుర్పికి ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

అయితే ప్రయోగశాలలో ఒత్తిడినీ ఉత్తేజాన్నీ విడివిడిగా కొలిచి ఇవ్వవచ్చు గానీ, మందలో ఆ రెండూ ఒకే దారిన వస్తాయి. బండరాళ్ల మీదికి ఎగిరి దూకుతూ, తోటి పిల్లలతో తలలు ఢీకొంటూ, తెలియని ఆకునల్లా కొరికి చూస్తూ సాగే పిల్లకు పరిసరాల కొరత లేదు, కానీ దాహమూ అలసటా ఆ నడకలోనే ఉన్నాయి. రొప్పంలోనో షెడ్డులోనో కట్టేసి మేపే పొట్టేలు పిల్లకు నడక బాధ తప్పుతుంది, దానితోపాటే ఎక్కే రాయీ కొత్త ఆకూ కూడా తప్పిపోతాయి. షెడ్డును సుఖమనీ, నడకను కష్టమనీ తేల్చేసే లెక్క సగం లెక్కే.

ఫ్రాన్స్‌లో అలెక్సాండ్రా దెత్రే, అలాన్ బ్వాసీ తదితరులు గొర్రెలతోనే చేసిన పని ఈ చిక్కును మరింత స్పష్టం చేస్తుంది. ఒక వైపున్న బకెట్‌లో దాణా, మరో వైపున్న దానిలో అప్రియమైన అనుభవం ఉంటాయని నేర్పి, ఆ తర్వాత బకెట్‌ను నడుమ ఉంచితే, దాన్ని సమీపించే తీరును బట్టి గొర్రె మేలును ఆశిస్తుందో కీడును శంకిస్తుందో అంచనా వేయవచ్చు. దీర్ఘకాలం ఒత్తిడికి గురైన గొర్రెలు నడుమ బకెట్‌ను శంకించాయి. అటువంటి వాటికి మంచి అనుభవాలను పదే పదే కల్పించినప్పుడు అవి ఆశ పెంచుకున్నాయి గానీ, 2014 నాటి ఆ పరిశోధనలోనే వాటి భయం తగ్గకపోగా పెరిగినట్లు నమోదైంది. దాణా వైపు ధీమాగా అడుగు వేసే పిల్లే ఆకస్మిక చప్పుడుకు మిగిలిన వాటికంటే ముందుగా పరుగు తీయవచ్చు, ఆ రెండు ప్రవర్తనలూ ఒకే పెంపకం ఫలితాలు కావచ్చు.