రంతిదేవుడి చివరి అతిథి

భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడి కథను దానానికి దృష్టాంతంగా చెప్పుకోవడం మనకు అలవాటు. 48 రోజులు పస్తులున్న ఆ రాజుకు మర్నాటి ఉదయం కాస్త పాయసం, నీళ్లు దొరుకుతాయి. తినబోయే వేళకు ఒక్కొక్కరే అతిథులు వస్తారు. బ్రాహ్మణుడు, శూద్రుడు, కుక్కల్ని వెంటబెట్టుకున్నవాడు. అన్నమంతా అయిపోయి ఒక్కరి దాహానికి సరిపడే నీళ్లే మిగిలినప్పుడు, సమాజం వెలిగా చూసే పుల్కసుడు వస్తాడు. ఆ నీళ్లూ ఇచ్చేస్తూ రంతిదేవుడు మోక్షం అడగడు, అష్టసిద్ధులూ అడగడు. సకల జీవుల లోపల తానుండి వాళ్ల దుఃఖాన్ని తానే అనుభవించాలంటాడు, వాళ్లకు దుఃఖం లేకుండా పోవాలంటాడు. ఈ కోరికే కథకు ప్రాణం. చెయ్యి చాచి ఇవ్వడం చాలామందికి చేతనవుతుంది. అవతలివాడి స్థితిలోకి దిగి అక్కణ్నుంచి లోకాన్ని చూడడం మహా కఠినమైన సాధన.

పాల్ ఫార్మర్ అనే అంటువ్యాధుల వైద్యుడి జీవితంలో నాకు ఆ సాధన కనిపిస్తుంది. అమెరికాలో పుట్టిన ఆయన 1983లో హైతీ వెళ్లాడు. పెలిగ్రే ఆనకట్ట కట్టినప్పుడు పొలాలు మునిగి, కొండల మీదికి చేరిన రైతుల ఊరు కాంజ్ ఆయన కార్యక్షేత్రమైంది. అక్కడి క్షయ రోగులు మధ్యలో మందు మానేస్తుంటే, రోగం చేతబడి వల్ల వచ్చిందని నమ్మడమే అందుకు కారణమనుకునేవారు. ఫార్మర్ బృందం పరీక్షించి చూసింది. మందులు అందరికీ ఉచితమే. కొందరికి మాత్రం అదనంగా తిండికీ దారిఖర్చులకీ కొంత డబ్బిచ్చి, ఊరి ఆరోగ్య కార్యకర్త ఇంటికే వెళ్లి చూసేలా ఏర్పాటు చేశారు. వాళ్లందరికీ నయమైంది. మిగతావాళ్లలో నయమైంది దాదాపు సగం మందికే. చేతబడి నమ్మకానికీ మందు మానడానికీ సంబంధమే కనబడలేదు. రోగి అజ్ఞానమని పైవాళ్లు పేరు పెట్టినదంతా అతని ఆకలే! వేదాంతులు చెప్పే అవిద్య ఇక్కడ రోగిని వదిలి, రోగిని చూసేవాడిలో దొరికింది.

1998లో కాంజ్‌లో హెచ్‌ఐవీ రోగులకు ఖరీదైన మందులివ్వడం మొదలైంది. ఆ తర్వాత 2001లో కూడా అమెరికా సహాయ సంస్థ ఉన్నతాధికారి ఒకరు, ఆఫ్రికా పేదలకు గడియారాలుండవు కనుక ఆ మందులు వేళకు వేసుకోలేరని వాదించాడు. కాంజ్‌లో అప్పటికే ఊరివాళ్లే రోజూ రోగి గడపకు నడిచి వెళ్లి మందు మింగిస్తున్నారు. గడియారాల మాట పక్కన పెట్టినా, వనరులు చాలవు, లెక్క చూసుకుని ఇవ్వాలనే తర్కం సమంజసంగానే వినిపిస్తుంది. ఆ తర్కం రంతిదేవుడి చేతిలోని నీళ్లకూ వర్తించేదే. రాజు బతికితే వేలమందిని బతికిస్తాడు కదా! భాగవతం ఆ లెక్కను దగ్గరికి రానివ్వలేదు. ‘చాలవు’ అనే మాట ఎప్పుడూ పేదవాడి దగ్గరే ఎందుకు పుడుతుందని ఫార్మర్ జీవితమంతా నిలదీశాడు. ఆయన కాథలిక్కు. దేవుడు ముందుగా పేదవాడి పక్షాన ఉంటాడనే విముక్తి వేదాంతం, ముఖ్యంగా గుస్తావో గుటియెరెజ్ ఆలోచన, ఆయనకు ఆధారం.

కథ చివర అతిథులుగా వచ్చింది దేవతలేనని తెలుస్తుంది. అంతా పరీక్షేనని పౌరాణికులు ముగిస్తారు. ఆ ముగింపు కంటే దానికి ముందున్న క్షణమే నాకు పెద్దది. నీళ్లు పోస్తున్న రాజుకు ఆ రహస్యం తెలియదు, ఎదురుగా ఉన్నది దాహంతో ప్రాణం పోతున్న మనిషి. కాంజ్‌లోనూ ఏ రోగీ వేషం తీసి వరమివ్వలేదు. నయమైనవాళ్లు తమ పనులకు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చి వరసలో కూర్చున్నారు. ఫార్మర్ 2022 ఫిబ్రవరి 21న, 62 ఏళ్ల వయసులో రువాండాలోని బుటారోలో కన్నుమూశాడు. అంతకు ముందు రోజుల్లోనూ అక్కడి ఆసుపత్రిలో రోగుల్ని చూస్తూ, విద్యార్థులకు పాఠం చెబుతూనే ఉన్నాడు.