పాత ఉయ్యాల: లోభమా, సంయమమా?

గృహమునందు శిశూదయము కాబోవుచున్నదని తెలిసినంతనే పెద్దల మనస్సులో రెండు కోరికలు పుట్టును. రాబోవు ప్రాణికి ఏ లోటును ఉండరాదనునది మొదటిది. ఆ లోటు లేకుండుటను నలుగురును చూడవలెననునది రెండవది. మొదటిది వాత్సల్యము, రెండవది ప్రతిష్ఠపై మక్కువ. రెండును ఒకే అంగడికి పోయి ఒకే మూటతో ఇంటికి తిరిగివచ్చును గనుక, దేనికెంత వ్యయమైనదో తేల్చుట కష్టము. శిశువు పడుకొను చోటును పాతవస్తువులతోను, ఇంట కుట్టినవానితోను అలంకరించుట ధర్మమా, లోభమా యను ప్రశ్నకు మూలము ఈ చిక్కులోనే యున్నది.

పూర్వము తెలుగు ఇండ్లలో శిశువునకు ప్రత్యేకమైన గది యుండుట అరుదు. దూలమునకు కట్టిన అమ్మమ్మ చీరయే ఉయ్యాల. పలుమారులు ఉతికి మెత్తబడిన పంచెముక్కలే పొత్తిగుడ్డలు. పాతచీరలను మడతలుగా పరచి కుట్టినదే బొంత. ఈ బొంతనే మహారాష్ట్రమున గోధడి యనియు, ఉత్తర కర్ణాటకమున కౌది యనియు పిలుతురు. తరములకు పూర్వమే ఆ సీమలకు తరలిపోయిన తెలుగు కుటుంబములు అక్కడ పేరు మాత్రమే క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చినది, వస్తువు పాతదే. అప్పుడే పుట్టిన బిడ్డకు క్రొత్తబట్ట తొడుగరాదను ఆచారము అనేక గృహములలో కలదు. దృష్టి తగులునని కొందరు కారణము చెప్పుదురు. ఆ నమ్మకమును ప్రక్కన పెట్టినను మరియొక కారణము మిగులును. క్రొత్తబట్టలోని గంజి లేతచర్మమునకు ఒరసుకొనును. ఉతికి ఉతికి నలిగిన నూలు ఒరసుకొనదు.

నేడు పట్టణములలో శిశువుకొరకు గోడలకు రంగులు వేయించి, తెరలు కట్టించి, సరిక్రొత్త మంచము కొని, గదిని సిద్ధపరచువారు కలరు. ఇందు శిశువునకు చేరునది ఎంత? నవజాతశిశువు స్పష్టముగా చూడగలిగినది తనకు సుమారు 20 మొదలు 30 సెంటీమీటర్ల దూరములోనున్న వస్తువును మాత్రమే. అది పాలిచ్చు తల్లి ముఖమునకును బిడ్డకును నడుమ ఉండు దూరమే. శిశువులు వట్టి రంగుకంటె రూపరేఖలుగల చిత్రములను ఎక్కువసేపు చూతురని రాబర్ట్ ఫాంట్జ్ అను శాస్త్రజ్ఞుడు 1961లో ప్రకటించిన పరిశోధనలలో చూపెను. నల్లనిగుడ్డపై తెల్లదారముతో కుట్టిన నాలుగు చుక్కలు ఆ చూపునకు చాలును. దూరపు గోడపై వేయించిన చిత్రము మొదటి వారములలో చూడవచ్చినవారికే గాని శిశువునకు కాదు.

అట్లని అలంకరణమంతయు వ్యర్థమనరాదు. రాత్రులు మేలుకొను తల్లికి చుట్టునున్న చోటు ప్రసన్నముగా నుండుట మేలు. అదియును గాక, చేతితో చేయు పనిలో మరియొక గుణము కలదు. కొనుట గడియలో ముగియును. ఒక బొంత కుట్టుటకు దినములు పట్టును. ఆ దినములలో కుట్టువారి మనస్సు రాబోవు బిడ్డయొద్దనే తిరుగును. బిడ్డ కదలిక, నిద్ర, తడి, చలి వీనినిగూర్చి తలంపక బొంత కొలత నిర్ణయింపజాలరు. ఇంట కుట్టిన వస్తువు శ్రేష్ఠమగుట చౌకయగుటచే గాదు. పెద్దలను ముందుగానే బిడ్డ అవసరముపై దృష్టి నిలుపునట్లు చేయుటచేతనే.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. పాతవస్తువు వాడినంతమాత్రమున సంయమము సిద్ధించునా? సిద్ధింపదు. పరిగ్రహమునకు పరిమితి విధించుకొనుట శ్రావకుని అయిదవ అణువ్రతము. పరిగ్రహమనగా వస్తువు గాదు, వస్తువుపైనున్న మూర్ఛయని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున నిర్వచించెను. ఈ నిర్వచనము క్రొత్త మంచము కొనువారిని మాత్రమే గాక, పాత ఉయ్యాలను పట్టుకొని వదలనివారినిగూడ తాకును. కోడు విరిగినను, పురుగు తొలిచినను, “మా తాతలు ఊగిన ఉయ్యాల, ఇందులోనే మనుమడు పడుకొనవలెను” అని పట్టుబట్టుట కూడ మూర్ఛయే. అన్నియు మా చేతులతోనే చేసితిమని వచ్చిన ప్రతివారికిని చూపి మురియుటయు దానికి దూరపు చుట్టము కాదు.

ఇచ్చువారి మనస్సును గూడ పరీక్షింపవలసియున్నది. తొలికాన్పు పుట్టింట జరుగుటయు, బారసాలనాటికి ఉయ్యాలయు, బట్టలును పుట్టింటివారు సమకూర్చుటయు పలుచోట్ల వాడుక. పాత ఉయ్యాల పంపినచో, “మా వంశాంకురమునకు ఇదియా మర్యాద?” యని వియ్యపురాలు మూతి విరుచునేమో యను భయముతో అప్పుచేయు తండ్రులు కలరు. అట్టి అప్పు బిడ్డపై ప్రేమకు గుర్తు గాదు. మగబిడ్డ తల్లిదండ్రులు తామే ముందుగా, “మీ ఇంట పిల్లలు ఊగిన ఉయ్యాలయే పంపుడు” అని కోరినచో ఆ తండ్రి గుండెబరువు తీరును. అయితే కూతురి బిడ్డకు క్రొత్తవి కొని, కోడలి బిడ్డకు అవే పాతబడిన పిదప పంపుట సంయమము గాదు, పక్షపాతము. తనకు పనికిరానిదానిని పేదయింటికి పంపి దానమని చెప్పుకొనుటయు అట్టిదే. తన బిడ్డకు సంతోషముగా వాడగలిగిన పాతవస్తువునే ఇతరుల బిడ్డకు ఇయ్యవలెను.

అహింసా దృష్టితో చూచినచో పాతవస్తువు మరింత సూక్ష్మమైన ప్రశ్నను లేవదీయును. గూటిలోని పురుగు ప్రాణముతో నుండగనే వేడినీట ఉడికించి సామాన్యముగా పట్టును తీయుదురు. కర్ణాటకములోని చెన్నపట్టణపు బొమ్మలకును, ఆంధ్రదేశములోని ఏటికొప్పాక బొమ్మలకును పూయు లక్క, కొమ్మలనంటియుండు పురుగు స్రవించునది. దానిని గీకి తీయుటలో పురుగులు నశించును. క్రొత్త పట్టు కొనుట ఆ హింసను చేయించుటలో భాగము. అమ్మమ్మ పట్టుచీరను చించి ఉయ్యాలకు తెర కట్టినచో, పాతబొమ్మను శుభ్రపరచి బిడ్డకిచ్చినచో, క్రొత్తగా ఒక పురుగైనను చావదు. కావున కృత కారితములనెడి రెండు దోషములును క్రొత్తగా కలుగవు. మూడవదగు అనుమోదనము మాత్రము మనస్సుపై ఆధారపడును. ఉన్నదానిని వృథాచేయక వాడుటయే ఉద్దేశమైనచో దోషము స్వల్పము. పట్టు జిలుగును చూచి ఇతరులును అట్టిదే కోరవలెనని కట్టినచో, పాతచీర క్రొత్తచీరకు బేరగాడగును.

అయినను ఈ విచారమంతటికంటె ముందుగా చూడవలసినది బిడ్డ ప్రాణము. అహింస ఉయ్యాలలోని ప్రాణినుండియే ఆరంభము కావలెను. అమెరికాలో ఒకప్రక్క పలక క్రిందికి జారునట్టి శిశుమంచముల తయారీని, అమ్మకమును 2011లో నిషేధించిరి. పలక సడలి ఏర్పడిన సందులో చిక్కుకొని శిశువులు మరణించుటయే అందులకు కారణము. భారతదేశమున గృహోపయోగపు రంగులలో సీసము పదిలక్షల వంతులలో 90 వంతులకు మించరాదను నియమము 2016లో ప్రకటింపబడి, మరుసటి సంవత్సరము అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము రంగువేసిన ఉయ్యాలను పండ్లు వచ్చు బిడ్డ కొరికినచో, ఊడిన పెచ్చులతో సీసము కడుపులోనికి పోవచ్చును. అది ఎదుగు మెదడునకు హాని. శిశువును వెల్లకిల పరుండబెట్టవలెననియు, పరుపు గట్టిగా, సమముగా నుండవలెననియు, దిండ్లు, దళసరి దుప్పట్లు దగ్గర ఉంచరాదనియు నేటి వైద్యుల ఉపదేశము. కావున ఆప్యాయముగా కుట్టిన మెత్తని బొంతయైనను, ఆవాలు నింపిన దిండైనను నిద్రించు శిశువు ప్రక్కన ఉండదగదు. బిడ్డ మేలుకొనియున్నప్పుడు, పెద్దలు చూచుచుండగా, నేలపై పరచుటకు బొంత తగినది. చేసినవారి శ్రమకు నొప్పి కలుగునని బిడ్డ ఊపిరిని పణముగా పెట్టుట ప్రేమ యనిపించుకొనదు.

కనుక వస్తువు పాతదా, క్రొత్తదా యని అడుగుటకు ముందు అడుగవలసినవి మూడు కలవు. బిడ్డ ప్రాణమునకు దీనివలన అపాయము లేదు గదా? దీనికొరకు మరియొక ప్రాణికి గాని, మరియొక గృహమునకు గాని నొప్పి కలుగలేదు గదా? బిడ్డ ఎదిగిన పిదప దీనిని మరియొకరికి నవ్వుచు ఇయ్యగలమా? మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరికినచో, ఆ ఉయ్యాల ఏ ఇంటినుండి వచ్చినను బిడ్డను నిశ్చింతగా పరుండబెట్టవచ్చును. ఆరేడు మాసములలో ఆ బిడ్డ దానిలో ఇమడక కాళ్లు బయటకు చాపును. ఆనాడు దానిని శుభ్రపరచి, కొక్కెములను, త్రాళ్లను పరీక్షించి, తరువాతి బిడ్డకొరకు ఎదురుచూచు ఇంటికి పంపుట తల్లిదండ్రుల పని.