లోపలి గోడ

బాపు బుల్లెట్ సిలిండర్ బ్లాకులో, పై అంచున, గోరుకు తగిలే సన్నని గట్టు ఒకటుండేది. పిస్టన్ రింగులు ఏళ్ల తరబడి ఒరుసుకుని కింది ఇనుమంతా అరిగిపోగా, వాటికి అందని పై కొసన మిగిలిన గట్టు అది. బాపు పశువుల దవాఖానలో కాంపౌండర్. మట్టెవాడలోని మా ఇంటి నుంచి వర్ధన్నపేట, రాయపర్తి, పర్వతగిరి ఊళ్లన్నీ ఆ బండి మీదే తిరిగాడు. ఈనలేక అవస్థపడే బర్రె కోసం అర్ధరాత్రి లేచి పోయిన దారులన్నీ ఆ అరుగుదలలో ఉన్నాయి. ఆయన పోయిన నాలుగేళ్లకు బండి నీలంగా పొగ వదలడం మొదలుపెట్టింది.

బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్ వేస్తారు: ముందు ఇరవై థౌ, తర్వాత నలభై. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బాపు ఆ రెండూ వాడేశాడు. ఇక కొత్త బ్లాకన్నా కొనాలి, పాతదానికి స్లీవన్నా వేయించి మళ్లీ మొదటి కొలతకు తేవాలి. కొత్తదే తెమ్మన్నాడు బావ. "ఇనుపముక్క మీద గింత పావురమేంది బామ్మర్దీ?" అన్నాడు. నేను స్లీవుకే పోయాను.

లేత్ షాపు చాచా బ్లాకును బిగించి బోరింగ్ మొదలుపెట్టాడు. పోత ఇనుము చుట్టలు చుట్టలుగా రాదు, నల్లని రవ్వలా రాలుతుంది. ఆ రవ్వలో బాపు గట్టు కూడా రాలిపోయింది. చూస్తుంటే నా గొంతు పట్టేసింది.

బాపు పదో రోజున అయ్యగారు గీత రెండో అధ్యాయం చదివి, మాసి చినిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టే ఆత్మ దేహాన్ని మారుస్తుందని చెప్పాడు. ఆ మాట అప్పుడు నన్ను నిలబెట్టింది, ఇప్పటికీ నమ్ముతాను. కానీ చాచా లేత్ ముందు లెక్క తిరగబడింది. ఇక్కడ పైబట్ట పాతదే. గాలి తగిలే రెక్కలు, వాటి సందుల్లో పట్టిన మసి, ఒక మూల విరిగిన రెక్క, అన్నీ బాపు నాటివే. మారుతున్నది లోపలిది. నిప్పు రగిలే చోటే, ఆయన తిరుగుడంతా గీసుకున్న చోటే పోతోంది. మరి ఇది బాపు బండేనా?

నాగసేన భిక్షువు మిళింద రాజును ఇలాగే రథం గురించి నిలదీశాడు. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఏదీ కాదు, అన్నీ కూడిన చోట మనం పెట్టుకున్న పేరది. ఆ జవాబులో నిజముంది, కాదనలేను. నాకు మాత్రం ఊరట దొరకలేదు. ఒట్టి పేరే అయితే కొత్త బ్లాకుకూ ఆ పేరే చెల్లుతుంది కదా. నా మనసు ఎందుకు ఒప్పలేదు?

స్లీవు వేసే రోజు పొద్దున్నే వెళ్లాను. స్లీవు బయటి కొలత బ్లాకు రంధ్రం కన్నా రెండు మూడు థౌ ఎక్కువే ఉంటుంది. మామూలుగా అయితే దూరదు. అందుకని దాన్ని రాత్రంతా పక్క కూల్ డ్రింక్స్ దుకాణం ఫ్రీజర్‌లో పెట్టించాడు చాచా. ఇటు బ్లాకును కాల్చాడు. మీద ఒక నీటి చుక్క వేస్తే అది నిలవకుండా ముత్యంలా అటూ ఇటూ ఉరికింది. "ఇగ మాట్లాడకు బేటా," అన్నాడు. మంచు పట్టిన స్లీవును రెండు చేతులా నిటారుగా పట్టి వదిలాడు. తన బరువుకు తానే జారి, కాలరు ఆనగానే ఠంగుమంది. అంతా రెండు మూడు సెకన్లు. కొంచెం వాలినా నడుమనే పట్టేసేది, మళ్లీ కోసి తీయాల్సిందే. జిగురు లేదు, బోల్టు లేదు. వేడిది చల్లారుతూ ముడుచుకుంటుంది, చల్లనిది వేడెక్కుతూ విచ్చుకుంటుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ తర్వాతే పిస్టన్ కొలతకు బోరింగ్, ఆయిల్ నిలవడానికి అడ్డగీతలు పడేలా హోనింగ్.

వదిలిన చేతికీ ఠంగుమన్న చప్పుడుకూ నడుమ ఆ రెండు సెకన్లు నన్ను చాలా రోజులు వదల్లేదు. పాతది పోయింది, కొత్తది ఇంకా పట్టలేదు. అప్పుడు బండి ఎక్కడున్నట్టు?

మన ఆగమాలకు ఈ నడిమి కాలం బాగా తెలుసు. గుడికి జీర్ణోద్ధారణ చేయాలంటే ముందు దేవుని కళను కలశంలోకి ఆకర్షించి బాలాలయంలో ఉంచుతారు. యాదగిరిగుట్టలో నరసింహస్వామికి 2016 నుంచి 2022 మార్చి దాకా పూజలు బాలాలయంలోనే జరిగాయి. అమ్మను తీసుకుని అక్కడికి పోయాను. రేకుల కింద ఇరుకులో నిలబడి అమ్మ ఎప్పటిలాగే మొక్కింది, ఒక్క అనుమానం లేకుండా. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. 2024 మహాశివరాత్రికి గాని అది మళ్లీ తెరుచుకోలేదు. ఆ ఏళ్లన్నీ పక్కనే రుద్రేశ్వరునికి దీపం పెడుతూనే ఉన్నారు. 1163 నాటి గుడి అని మనం నేటికీ అనగలుగుతున్నది రాళ్ల బలంతోనే కాదు. విప్పి పెట్టిన కాలంలో కూడా దాన్ని విడవని మనుషులున్నారు. ఒక వస్తువు అదే వస్తువుగా మిగలడమన్నది దాని లోపలా లేదు, బయటా లేదు, ఆ విడవకపోవడంలో ఉందని నాకు అనిపిస్తున్నది. కొత్త బ్లాకు కొంటే ఏ తప్పూ లేదు గాని, పాతదాన్ని పక్కన పడేసి పోయినవాణ్ని అయ్యేవాణ్ని.

ఇంజను లేత్ షాపులో ఉన్నది పంతొమ్మిది రోజులు. ఒట్టి చట్రం, ట్యాంకు, చక్రాలు మా అరుగు పక్కన నిలబడి ఉండేవి. నాలుగో రోజో ఐదో రోజో చూశాను. వాకిలి ఊడ్చి, చాన్పి చల్లి, ముగ్గేసిన తర్వాత అమ్మ తడిగుడ్డతో ట్యాంకు తుడుస్తున్నది. బాపు రోజూ పొద్దున చేసిన పని అది. ఆయన పోయినప్పటి నుంచి ఆమే చేస్తున్నదట, నేను గమనించలేదు.

"ఇంజనే లేదు కదనే అమ్మా," అన్నాను.

"లేకుంటే? అచ్చేదాక దుమ్ము ఆగుతదా?" అని గుడ్డ పిండింది.

బండి ఇంటికొచ్చింది. 500 కిలోమీటర్ల దాకా 40 స్పీడు దాటొద్దన్నాడు చాచా. నిన్న రాయపర్తి దాకా పోయొచ్చాను. ఇప్పటికి 212 అయ్యాయి.